ఓకే నొక్కిన కొద్దీ మళ్లీ వచ్చే పాపప్‌లు: ఫార్మాట్ దాకా వెళ్లకండి

ఫార్మాట్, అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడం, అక్కర్లేదు. ముందు ఆ మాట చెప్పేసి, మిగతాది వివరంగా రాస్తాను.

మీరు చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇదీ. నాన్నగారు ఒక పాత పుస్తకం పీడీఎఫ్ కోసం వెతుకుతూ ఏదో సైట్‌లో పెద్ద డౌన్‌లోడ్ బటన్ నొక్కారు. వెంటనే స్క్రీనంతా ఎర్రటి పేజీ పరుచుకుంది, సైరన్ మోగింది, "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపితే డేటా పోతుంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని ఒక బాక్స్ వచ్చింది. ఓకే నొక్కితే మళ్లీ అదే బాక్స్. క్యాన్సిల్ నొక్కినా అదే. చివరికి పవర్ బటన్ నొక్కి ఆపేశారు. మళ్లీ ఆన్ చేసి బ్రౌజర్ తెరిస్తే అదే పేజీ ప్రత్యక్షం. ఈలోగా నాన్నగారు ఆ నంబర్‌కి ఒకసారి ఫోన్ చేసి మాట్లాడారు. వైరస్ ఎక్కిందా, పాస్‌వర్డులు పోయాయా, ఈ పేజీ ఎలా వదులుతుంది, ఫోన్ చేసినందుకు ఏమవుతుంది అని మీ ప్రశ్నలు.

మీరు చూసింది వైరస్ కాదు, ఉత్త వెబ్ పేజీ. వెబ్ పేజీ అనేది బ్రౌజర్ గీసిన గీత లోపలే ఆడుతుంది. మీ ఫైళ్లు తెరిచి చదవలేదు, పక్క ట్యాబ్‌లో ఉన్న బ్యాంక్ పేజీలోకి తొంగిచూడలేదు, బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్న పాస్‌వర్డుల జాబితా లాక్కోలేదు. బ్రౌజర్‌లోని లోపాలు పట్టుకుని ఆ గీత దాటే దాడులు లేకపోలేదు, అప్‌డేట్లు వాయిదా వేయొద్దనేది అందుకే. కానీ అంత పనితనం ఉన్నవాడు సైరన్ మోగించి ఇంటిల్లిపాదినీ లేపడు, చప్పుడు చేయకుండా తన పని కానిచ్చుకుపోతాడు. ఇంత రభస చేస్తున్నాడంటే మిమ్మల్ని భయపెట్టడం తప్ప వాడి చేతిలో ఇంకేమీ లేదనే అర్థం.

పేజీలో మీ ఊరి పేరు, ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబర్), వాడుతున్న బ్రౌజర్ పేరు కనిపించాయని కంగారు పడ్డారు. అవి ఏ సైట్‌కైనా తెలుస్తాయి. మీరు వార్తలు చదివే సైట్‌కీ తెలుసు, అది చూపించదు అంతే. స్కాన్ అవుతున్నట్టు ఫైళ్ల పేర్లు పరుగెత్తడం కూడా బొమ్మే. మ్యాక్ వాడేవాళ్లకి సైతం "సి డ్రైవ్‌లో ట్రోజన్లు దొరికాయి" అని చూపించిన పేజీలున్నాయి, మ్యాక్‌లో సి డ్రైవ్ అనేదే ఉండదు.

ఇక బయటపడటం. సూత్రం ఒక్కటే: ఆ పేజీ లోపల ఉన్న దేన్నీ నొక్కకండి. ఓకే, క్యాన్సిల్, "సురక్షితంగా మూసివేయి", మూలన ఉన్న ఇంటూ గుర్తు, అన్నీ ఆ పేజీ రాసినవాడు పెట్టినవే అయి ఉండొచ్చు. పేజీ ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లాక పైన కనిపించే అడ్రస్ బార్, ఇంటూ గుర్తు, కింద టాస్క్‌బార్ ఇవన్నీ ఒక్కోసారి ఒకే పెద్ద బొమ్మ. దాని మీద ఇంటూ నొక్కడం గోడ మీద గీసిన తలుపుని తోయడం లాంటిది. అనుమానం వస్తే టాస్క్‌బార్‌లో గడియారం చూడండి. మీ టైమ్ చూపించకపోయినా, నిమిషం మారకపోయినా అది మీ టాస్క్‌బార్ కాదు.

మొదట ఎస్కేప్ కీని ఒక్కసారి తట్టి వదిలేయకుండా, రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. మామూలుగా ఒకసారి నొక్కితే ఫుల్ స్క్రీన్ పోతుంది. కానీ క్రోమ్, ఎడ్జ్ లాంటి బ్రౌజర్లలో ఫుల్ స్క్రీన్‌లో ఉన్న పేజీ కీబోర్డుని తన అధీనంలోకి తీసుకునే సౌకర్యం ఒకటి ఉంది. గేముల కోసం పెట్టారు, వీళ్లు దీనికి వాడుకుంటున్నారు. ఆ సౌకర్యం ఇచ్చినప్పుడే ఎస్కేప్ నొక్కి పట్టుకుంటే మాత్రం పేజీ వదిలేసి తీరాలని బ్రౌజర్లు నియమం పెట్టాయి. ఫుల్ స్క్రీన్ పోగానే అసలు ట్యాబ్‌లు బయటపడతాయి. అప్పుడు కంట్రోల్+డబ్ల్యూ కొట్టి ఆ ట్యాబ్ మూసేయండి. చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది.

అవ్వకపోతే కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్ కొడితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరుతో ఉన్న వరసని ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. కింద విడివిడిగా ఉన్న పిల్ల వరసలు కాదు, పైనున్న అసలు వరస. టాస్క్ మేనేజర్ కూడా ఆ ఎర్ర పేజీ వెనక్కి పోయినట్టు అనిపిస్తే కంట్రోల్+ఆల్ట్+డిలీట్ కొట్టండి. ఈ మూడు కీల కలయికని విండోస్ తన కోసమే ఉంచుకుంది, దాన్ని ఏ వెబ్ పేజీ అడ్డుకోలేదు. అక్కడ వచ్చే స్క్రీన్ నుంచి టాస్క్ మేనేజర్‌కి వెళ్లొచ్చు, విసుగొస్తే సైన్ అవుట్ అయిపోవచ్చు. సేవ్ చేయని పని ఏదైనా వేరే ప్రోగ్రామ్‌లో ఉంటే సైన్ అవుట్‌తో అది పోతుంది, ఆ ఒక్కటీ చూసుకోండి. మ్యాక్‌లో కమాండ్+ఆప్షన్+ఎస్కేప్ కొడితే ఫోర్స్ క్విట్ జాబితా వస్తుంది.

మౌస్ పాయింటర్ కనిపించడం లేదని కూడా రాశారు. అదీ పేజీ చేసే గారడీయే. పాయింటర్‌ని దాచేసే వీలు, దాని బదులు తమకి నచ్చిన బొమ్మ పెట్టుకునే వీలు పేజీలకి ఉంది. 2018లో క్రోమ్ మీద ఒక చిత్రమైన ట్రిక్ బయటపడింది. మామూలు పాయింటర్ స్థానంలో 128 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న బొమ్మ పెట్టి, అందులో ఒక మూలన మాత్రం బాణం గుర్తు గీశారు. చూసేవాళ్లకి బాణం సరిగ్గా ట్యాబ్ ఇంటూ మీదే ఉన్నట్టు ఉంటుంది, క్లిక్ మాత్రం పోయి ఇంకెక్కడో పడుతుంది. ఎన్నిసార్లు నొక్కినా ట్యాబ్ మూతపడదు. అందుకే ఇలాంటప్పుడు మౌస్ వదిలేసి కీబోర్డు పట్టుకోమంటాను.

మళ్లీ తెరిస్తే అదే పేజీ ఎందుకొచ్చింది? పవర్ బటన్‌తో ఆపేసరికి, బ్రౌజర్ దాన్ని ప్రమాదవశాత్తూ ఆగిపోయినట్టు లెక్కేసుకుంది. తెరవగానే "పాత పేజీలు రిస్టోర్ చేయాలా" అని అడుగుతుంది, మనం అలవాటుగా సరే అంటాం. లేదా సెట్టింగ్స్‌లో మొదటి నుంచీ "ఆపిన చోటు నుంచి కొనసాగించు" అనే ఆప్షన్ ఆన్‌లో ఉండి ఉంటుంది. జనం వైరస్ కంప్యూటర్‌లో పాతుకుపోయిందని నమ్మేది, ఫార్మాట్ చేయించుకునేది ఇక్కడే. ఆ పని చేసి డబ్బు తీసుకునేవాళ్లు కూడా అది ఉత్త రిస్టోర్ అని చెప్పరు.

రిస్టోర్ బాక్స్ వస్తే దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే చాలు. అడక్కుండానే పేజీ వచ్చేస్తుంటే ముందు ఇంటర్నెట్ ఆపండి, వైఫై ఆఫ్ చేస్తే సరిపోతుంది. నెట్ లేనప్పుడు బ్రౌజర్ తెరిస్తే ఆ ట్యాబ్ వస్తుంది కానీ పేజీ లోడ్ కాదు, సైరనూ ఉండదు, బాక్సులూ ఉండవు. తీరిగ్గా ట్యాబ్ మూసేసి, తర్వాత వైఫై ఆన్ చేసుకోండి. ఫైర్‌ఫాక్స్ అయితే వరసగా ఆగిపోయినప్పుడు ఏయే ట్యాబ్‌లు తిరిగి తెరవాలో జాబితా చూపిస్తుంది, అందులో ఆ ఒక్కదాని టిక్ తీసేస్తే మిగతావి దక్కుతాయి. సఫారీని షిఫ్ట్ కీ పట్టుకుని తెరిస్తే పాత విండోలు రావు.

ఫోన్లలో కూడా ఇదే పద్ధతి. ఆండ్రాయిడ్‌లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి, సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి బ్రౌజర్‌ని ఫోర్స్ స్టాప్ చేసి, మళ్లీ తెరిచి, ట్యాబ్‌ల జాబితాలోంచి దాన్ని తీసేయాలి. ఫోన్ అదేపనిగా వణికితే భయపడకండి, వైబ్రేషన్ కూడా పేజీలు వాడుకోగల సౌకర్యమే. ఐఫోన్‌లో సఫారీ సెట్టింగ్స్‌లో హిస్టరీ, వెబ్‌సైట్ డేటా క్లియర్ చేసే ఆప్షన్ ఉంది. దాంతో మిగతా సైట్లలో లాగిన్లు కూడా పోతాయి, అందుకే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి ట్యాబ్ మూయడం ప్రయత్నించి, కుదరకపోతేనే అటు వెళ్లండి.

ఇంతకీ ఓకే నొక్కితే మళ్లీ మళ్లీ ఎలా వస్తుందని అడిగారు కదా. వెబ్ పేజీలని ఆడించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో "అలర్ట్" అని ఒక చిన్న కమాండ్ ఉంది. బాక్స్ చూపించి, మీరు ఓకే నొక్కేదాకా పేజీలోని పనంతా ఆపేస్తుంది. దాన్ని ఎప్పటికీ ఆగని లూపులో, అంటే అదే పని మళ్లీ మళ్లీ చేయించే వరసలో పెడితే ఒక బాక్స్ మూసిన వెంటనే ఇంకోటి పుడుతుంది. ప్రోగ్రామింగ్ మొదటి వారం నేర్చుకునే పిల్లలు కూడా రాయగల ఒక్క లైను అది. ఒకప్పటి బ్రౌజర్లలో ఆ బాక్స్ ఉన్నంతసేపూ విండో మొత్తం బిగుసుకుపోయేది, పక్క ట్యాబ్‌కి కూడా వెళ్లనిచ్చేది కాదు, అందుకే అది ఉచ్చులా పనిచేసింది. తర్వాత "ఈ పేజీ ఇంకా బాక్సులు చూపించకుండా ఆపు" అనే టిక్ వచ్చింది. ఆ పైన బాక్స్ ఆ ఒక్క ట్యాబ్‌కే పరిమితం అయ్యేలా మార్చారు. ఐఫోన్ సఫారీలో ఈ మార్పు 2017 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 10.3తో వచ్చింది. అప్పటిదాకా కొందరు మోసగాళ్లు సఫారీని ఈ బాక్సులతో బిగించేసి, గిఫ్ట్ కార్డు రూపంలో జరిమానా కట్టమని అడిగేవారు. కట్టినవాళ్లు కట్టారు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి హిస్టరీ చెరిపేసినవాళ్లు పైసా ఖర్చు లేకుండా బయటపడ్డారు.

ఈ లూపు గురించి ఒక పిట్టకథ. 2019 మార్చిలో జపాన్‌లోని హ్యోగో పోలీసులు ఇలాంటి పేజీ లింకుని ఆన్‌లైన్‌లో పెట్టినందుకు 13 ఏళ్ల అమ్మాయిని పిలిచి మందలించారు, ఇంకొందరి మీద కేసు దాకా వెళ్లారు. ఆ పేజీ చేసేదల్లా బాక్సులు చూపించడమే, మామూలు బ్రౌజర్‌లో ట్యాబ్ మూస్తే పోతుంది. దాంతో ప్రోగ్రామర్లు మండిపడి, అదే లూపుని కావాలని పబ్లిక్‌గా పెట్టి "మమ్మల్నీ అరెస్టు చేయండి" అన్నారు. నా మట్టుకు నేను ఆ అమ్మాయి పక్షమే. డబ్బు కోసం నాన్నగారిలాంటి వాళ్లని బెదిరించేవాళ్లని వదిలేసి చిలిపి పిల్లల మీద పడటం ఏం న్యాయం?

బాక్సుల లూపు మొదటి ఎత్తు అయితే రెండో ఎత్తు, పేజీ వదిలి వెళ్లబోతుంటే "నిజంగా వెళ్తారా" అని అడ్డుపడటం. రాస్తున్న మెయిల్ పోకుండా కాపాడటానికి పెట్టిన మంచి సౌకర్యం అది. ఒకప్పుడు అందులో ఏ వాక్యం కావాలంటే అది రాసుకోనిచ్చేవారు, ఇక చెప్పేదేముంది, బెదిరింపులన్నీ అక్కడే. 2011లో ఫైర్‌ఫాక్స్ 4, 2016లో క్రోమ్ 51 ఆ స్వేచ్ఛ తీసేశాయి. ఇప్పుడు బ్రౌజర్ తన సొంత మాటే చూపిస్తుంది. 2013లో మ్యాక్ సఫారీ మీద వచ్చిన నకిలీ ఎఫ్‌బీఐ పేజీ దీన్ని ఎంత దూరం తీసుకెళ్లిందంటే, ఒకే పేజీలో 150 చిన్న ఫ్రేములు (పేజీలో ఇమిడే చిన్న పేజీలు) పెట్టి ఒక్కోదానికీ విడిగా ఆ ప్రశ్న అడిగించింది. 150 సార్లు నొక్కితేనే గానీ వదలదు. పది, ఇరవై సార్లు నొక్కి ఎవరైనా ఇది లాక్ అయిందనే అనుకుంటారు.

బ్యాక్ నొక్కితే అక్కడే తిరగడం మూడోది. పేజీ మీ హిస్టరీలో తన పేరే వరసగా దూర్చేస్తుంది. బ్యాక్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే, లేదా కాసేపు నొక్కి పట్టుకుంటే జాబితా వస్తుంది, అందులోంచి పాత పేజీకి ఒకేసారి దూకేయొచ్చు.

లాగిన్ బాక్స్ లాంటిది పదేపదే వచ్చి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే రకం కూడా ఉంది. మీ పాస్‌వర్డుల ప్రశ్నకి జవాబు ఇక్కడుంది: పేజీ దానంతట అది ఏమీ తీసుకోలేదు, కానీ ఆ బాక్స్‌లో నాన్నగారు ఏదైనా టైప్ చేసి ఉంటే అది అవతలికి చేరినట్టే. ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్చేయండి, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నా అక్కడా మార్చండి. ఏమీ టైప్ చేయకపోతే మార్చాల్సిన పని లేదు.

పేజీ పోయాక మూడు చోట్ల చూడండి. మొదటిది డౌన్‌లోడ్స్ ఫోల్డర్: ఆ రోజు వచ్చిన, మీకు తెలియని ఫైల్ ఏదైనా ఉంటే తెరవకుండా డిలీట్ చేయండి. ఫైల్ దిగడం వేరు, దాన్ని రన్ చేయడం వేరు. దిగి ఊరుకుంటే నష్టం లేదు. రెండోది ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు: మీరు పెట్టుకోనిది ఏదైనా ఉంటే తీసేయండి. మూడోది నోటిఫికేషన్లు, అసలు జిడ్డు ఇదే. "మీరు రోబో కాదని రుజువుకి అలౌ నొక్కండి" అని ఒక పేజీ అడుగుతుంది, నొక్కితే ఆ సైట్‌కి ఎప్పుడు పడితే అప్పుడు స్క్రీన్ మూలన మెసేజ్ చూపించే అనుమతి దొరుకుతుంది. సైట్ మూసేసినా, మర్నాడైనా, కుడివైపు కింద "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది" అని వస్తూనే ఉంటుంది. అచ్చం విండోస్ మెసేజ్‌లా ఉంటుంది, కాకపోతే జాగ్రత్తగా చూస్తే బ్రౌజర్ పేరూ, ఏదో అర్థంపర్థం లేని సైట్ అడ్రసూ చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలౌ కింద ఉన్న జాబితాలో మీకు తెలియనివన్నీ తీసేయండి. నాన్నగారి కంప్యూటర్‌లో అయితే ఏ సైటూ నోటిఫికేషన్లు అడక్కుండా మొత్తానికే ఆపేయమంటాను. ఆయనకి దానివల్ల పోయేదేమీ ఉండదు.

వీటన్నిటికంటే ప్రమాదమైనది 2024 నుంచి బాగా పెరిగింది. రోబో కాదని నిరూపించుకోవడానికి విండోస్ కీతో ఆర్ కొట్టు, తర్వాత కంట్రోల్+వీ కొట్టు, ఎంటర్ నొక్కు అని పేజీ అడుగుతుంది. అంతకుముందే అది మీ క్లిప్‌బోర్డ్‌లోకి (కాపీ చేసినది పేస్ట్ చేసేదాకా ఉండే చోటు) ఒక కమాండ్ కాపీ చేసేసి ఉంటుంది. ఆ మూడూ చేస్తే మీ చేతులతో మీరే దాన్ని కంప్యూటర్‌లో రన్ చేసినట్టు. పైన చెప్పిన గీత ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే గీత దాటించింది మీరే. నాన్నగారు ఇలాంటిది చేసి ఉంటే మాత్రం నేను మొదట అన్న "ఫార్మాట్ అక్కర్లేదు" వర్తించదు. నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చి, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయించడమే మేలు.

మళ్లీ రాకుండా అంటారా, ఇవి ఎక్కువగా వచ్చేది ప్రకటనల దారిలో. నాన్నగారు నొక్కిన ఆ పెద్ద డౌన్‌లోడ్ బటన్ కూడా దాదాపు ఖాయంగా ప్రకటనే. ప్రకటనలు రాకుండా ఆపే మంచి యాడ్ బ్లాకర్ ఒకటి పెట్టండి. 2022 డిసెంబరులో ఎఫ్‌బీఐ కూడా నకిలీ ప్రకటనల గురించి హెచ్చరిస్తూ యాడ్ బ్లాకర్ వాడమని సలహా ఇచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో దాని లైట్ వెర్షన్ చాలు, రెండూ ఉచితం. ఎడ్జ్ వాడుతుంటే 2025లో వచ్చిన స్కేర్‌వేర్ బ్లాకర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. సరిగ్గా ఇలాంటి ఫుల్ స్క్రీన్ బెదిరింపు పేజీలని గుర్తుపట్టి బయటికి తెచ్చేస్తుంది.

ఇక చివరిది, ఫోన్ చేయడం. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఇవ్వదు, ఈ మాట వాళ్లే చెప్పారు. కాబట్టి అవతల ఎత్తింది ఎవరో ఊహించుకోవచ్చు. మాట్లాడినంత మాత్రాన కంప్యూటర్‌కి ఏమీ కాదు. కానీ నాన్నగారి నంబర్ ఇప్పుడు "భయపడి ఫోన్ చేసినవాళ్ల" జాబితాలో ఉంటుంది. కొన్నాళ్లకి మళ్లీ ఫోన్ వస్తుంది. ఈసారి బెదిరింపు ఉండకపోవచ్చు, "మీరు కట్టిన డబ్బు రీఫండ్ ఇస్తాం" అని తీయగా మాట్లాడతారు. స్క్రీన్ షేర్ చేయించుకుని, బ్యాంక్ పేజీలో కనిపించే అంకెని అప్పటికప్పుడు మార్చి, పొరపాటున ఎక్కువ పంపేశాం, తేడా గిఫ్ట్ కార్డుల్లో తిరిగి ఇవ్వండి అని బతిమాలతారు. ఖాతాలోకి నిజానికి ఒక్క పైసా వచ్చి ఉండదు. బ్రౌజర్‌లో ఏ పేజీ మీద కనిపించే అంకెనైనా ఎవరైనా మార్చి చూపించవచ్చు.

నాన్నగారిని మందలించకుండా ఒకసారి నెమ్మదిగా అడగండి: దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటిది ఏదైనా దించమన్నారా, స్క్రీన్ మీద కనిపించే పొడుగాటి నంబర్ చదివి చెప్పమన్నారా, కార్డు వివరాలు అడిగారా. మూడింటికీ లేదంటే ఆ నంబర్ బ్లాక్ చేసి ఊరుకోండి. ఒక్కదానికైనా అవునంటే ముందు నెట్ తీసేసి, బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి, ఆ ప్రోగ్రామ్ తీసేయండి. ఆ తర్వాత ఆయన ఏమేం చేశారో వరసగా ఇక్కడ రాయండి, మిగతాది చూద్దాం.